ఇగురు మీది కాయ

(గుమ్మఘట్టలో అయ్యవారి వర్ధంతినాడు ఇచ్చిన స్మారకోపన్యాసం పాఠం)



అయ్యవారి వర్ధంతికి ఈ బడిలో మాట్లాడినవాళ్లంతా ఆయన చెప్పిన పాఠాలు తలుచుకున్నారు. భైరవానితిప్ప కట్ట మీదికి పిల్లల్ని నడిపించుకుపోయి, మనం హగరి అని పిలుచుకునే వేదవతి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో చెప్పిన రోజు తలుచుకున్నారు. నేను ఆయన నోటి సంగతి చెబుతాను. ఆ నోట్లో పదమూడు నెలలు ఒక కాయ ఉండింది. కందిగింజంత మొదలై నేరేడు పండంత అయింది. ఆ సంగతి ఆయన ఇంట్లోవాళ్లకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. "నేను పోయినాక అందరికీ చెప్పు, అందరికీ పనికొస్తుంది" అని ఆయనే నాతో అన్నారు. ఇంట్లోవాళ్లను కూడా అడిగి, వాళ్లు సరేనన్నాకే ఈ మాటలు రాసుకొచ్చాను.

నేనప్పుడు దంతవైద్య కళాశాలలో చివరి సంవత్సరం చదువుతున్నాను. ఉగాదికి ఊరికొచ్చాను. పొద్దున్నే కబురొచ్చింది. పోతే అయ్యవారు మంచం మీద కూర్చుని ఉన్నారు, కండువా చెంపకు అడ్డం పెట్టుకుని. "తలుపు దగ్గరగా వెయ్యిరా" అన్నారు. వేశాను. కిటికీ వెలుతురుకు తిరిగి పెదవి కిందికి లాగి చూపించారు. కింది దవడ, ఎడమవైపు, కోరపంటికి వెనకున్న రెండు పండ్ల సందులోంచి పొడుచుకొచ్చిన కండ. రంగు కూడా నేరేడు పండు రంగే. పైన ఒకచోట తెల్లగా చిన్న పుండు, పై పన్ను ఆనుతున్నచోట. ఆ రెండు పండ్ల మొదట్లో పసుప్పచ్చగా, రాయిలాగా గార.

"ఏమిరా, అదేనా?" అని అడిగారు.

క్యాన్సర్ అనే మాట ఆయన అనలేదు. వాళ్లన్న ఆకువక్కలో పొగాకు వేసుకుని నమిలీ నమిలీ బుగ్గలో పుండుపడి పోయాడు. ఆయన కళ్లముందే పోయాడు. అందుకే తన నోట్లో కాయ కనబడిన నాటి నుంచి అయ్యవారు పద్యం గొంతెత్తి చదవడం మానేశారు. మేమంతా వయసు మీద పడిందనుకున్నాం. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు బోర్డు వైపే తిరిగి చెప్పేవారట. నవ్వు వస్తే కండువా అడ్డం పెట్టుకునేవారట.

మధ్యలో ఒకసారి ధైర్యం చేసి ఒక పట్నంలో చూపించుకున్నారు. అక్కడ మత్తు సూది వేసి, కాయను పైపైన కోసి, ముక్కను బకెట్లో పడేసి, దూది పెట్టి పంపించారు. నాలుగు నెలలకు అదే చోట మళ్లీ వచ్చింది. కోసినా మళ్లీ వచ్చిందంటే అదేనని, కత్తి పెడితే ముదురుతుందని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. ఆయన ఇంటింటికీ తిరిగి మూఢనమ్మకాలు పోగొట్టిన మనిషి. తన నోటి దగ్గరికి వచ్చేసరికి ఆ నమ్మకాన్ని కాదనడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. భయం ఎంత చదువుకున్నవాళ్లనైనా అట్లాగే కూర్చోబెడుతుంది.

నేను ఆయనకు చెప్పిన జవాబు ఒక్కటే. "తెలియదు అయ్యవారూ. చూస్తే అది కాదనే అనిపిస్తోంది. ముక్క తీసి భూతద్దం కింద చూస్తే గాని ఎవరూ చెప్పలేరు."

ఇన్నేళ్ల తరువాత ఈ వేదిక మీద నిలబడి నేను చెప్పదలుచుకున్నది కూడా ఆ మాటే. మిగిలినదంతా దానికి వివరం.

మనవైపు పంటి చుట్టూ ఉండే కండను ఇగురు అంటాం, చిగురు అంటాం. కట్ట దాటితే కన్నడంలో ఒసడు. ఆ కండ ఒకచోట ఉబ్బితే కాయ కాసిందంటాం, బుడిపె లేచిందంటాం, దుర్మాంసం పెరిగిందంటాం. ఈ దుర్మాంసం అనే మాటలోనే భయం ఉంది. సుశ్రుతుడు నోటి జబ్బులు అరవై అయిదు చెప్పి, అందులో పదిహేను పంటి మొదళ్లకు వచ్చేవని లెక్కగట్టాడు. చివరి దంతం వెనక వాచి, నొప్పిపెట్టి, చొంగ కార్పించే దాన్ని అధిమాంసం అన్నాడు. కోసి తీసెయ్యమని కూడా అన్నాడు. అధిమాంసం అంటే ఎక్కువ కండ. పడమటి దేశాల వైద్యులు వాడే ఎపులిస్ అనే గ్రీకు మాటకైతే చిగురు మీద ఉన్నది అని మాత్రమే అర్థం. అది మంచిదా చెడ్డదా, ఎందుకొచ్చింది, ఏమీ చెప్పదు. ఆ మాట చీటీ మీద రాసి ఇస్తే జబ్బు పేరు చెప్పినట్టు కాదు, ఉన్న చోటు చెప్పినట్టు. నిజానికి చిగురు మీద లేచే కాయల్లో చాలా భాగం క్యాన్సర్ కావు. కణితి అనడానికి కూడా వీల్లేనివి ఎక్కువ. అవి గాయం మానే పని ఆగకుండా సాగితే వచ్చే కండ.

మీరందరూ చూసే ఉంటారు. కంచెకు వాడుకున్న వేపచెట్టుకు తీగ చుట్టి వదిలేస్తే, నాలుగేళ్లకు ఆ తీగ ఒరుసుకున్నచోట బెరడు ఉబ్బి తీగను మింగేస్తుంది. చిగురూ అంతే. పంటికీ చిగురుకూ నడుమ ఉన్న సన్నటి సందులో రోజూ ఏదో ఒకటి ఒరుసుకుంటుంటే అది ఊరుకోదు. పండ్ల మీద మెత్తగా పేరుకునేది పాచి. రోజూ తోమితే పోతుంది. తోమకపోతే ఉమ్మిలోని సున్నం చేరి గట్టిపడి గార అవుతుంది. ఇక తోమితే పోదు, గీకాల్సిందే. దానికి తోడు మన తిండి మనకుంది. శనక్కాయ పొట్టు, జొన్న పొల్లు, కొర్ర పొట్టు సందులో దూరి అక్కడే ఉండిపోతాయి. విరిగిన పంటి అంచు, సరిగ్గా అమరని కట్టుడు పన్ను కూడా ఇట్లాంటివే. ఒకచోట నుంచి ఒకచోటికి ఎగిరొచ్చేది కాదు ఇది, అంటుకునేది అంతకన్నా కాదు. ఒకే కంచంలో తింటే రాదు.

ఇక్కడే ఒక మాట. మన జిల్లాలో చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పండ్ల మీద గోధుమరంగు మచ్చలు దానివల్లే. ఈ దేశంలో ఆ జబ్బును మొదట రాతలో పెట్టింది కూడా తెలుగునేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. అందుకని నోట్లో ఏది వచ్చినా నీళ్ల మీదకు తోసేయడం అలవాటైంది. ఇగురు మీది కాయకూ ఫ్లోరైడ్‌కూ సంబంధం లేదు. నీళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే గార అట్లాగే ఉంటుంది.

ఈ కాయల్లో రకాలున్నాయి. అన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. రెంటి దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను.

మొదటిది ఎర్రగా, మెత్తగా, ముట్టుకుంటే రక్తం కారేది. దీనికి పయోజెనిక్ గ్రాన్యులోమా అని పేరు. 1904లో హార్ట్‌జెల్ అనే వైద్యుడు స్థిరపరిచిన పేరు. చీము పుట్టించేది అని దానర్థం. ఇందులో చీము ఉండదు. పేరు తప్పని తెలిసీ నూరేళ్లకు పైగా మేమంతా అదే వాడుతున్నాం. ఉండేదంతా కొత్తగా పుట్టిన సన్నటి రక్తనాళాలు, అందుకే ఆ ఎరుపు, ఆ కారడం. ఎవరికైనా రావచ్చు గానీ ఆడవాళ్లలో ఎక్కువ, గర్భంతో ఉన్నప్పుడు మరీ. గర్భిణుల్లో హార్మోన్లు పెరిగేసరికి చిగుళ్లు కొద్దిపాటి పాచికే పెద్దగా స్పందిస్తాయి. నాలుగో నెల దాటాక కనబడుతుంది. పైపండ్ల ముందువైపు రావడం ఎక్కువ.

రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఒక అమ్మాయి ఏడో నెలలో నా దగ్గరికి వచ్చింది. వెంట అత్త. అమ్మాయి మాట్లాడలేదు, అత్తే మాట్లాడింది. "పొద్దున లేస్తే దిండంతా రగతమే సార్. బిడ్డకేమన్నా అయితాదా?" అని ఏడ్చింది. అమ్మాయి పది రోజులుగా గట్టి ముద్ద తినలేదు, పళ్లపొడి ముట్టలేదు. రక్తం వస్తుందని తోముకోవడం మానేస్తే పాచి ఇంకా పేరుకుంటుంది, కాయ ఇంకా పెరుగుతుంది. నేను కత్తి పట్టలేదు. మెల్లగా గార తీశాను. మెత్తటి బ్రష్షు చేతికిచ్చి నా ముందరే తోమించాను. రక్తం వచ్చింది. వచ్చినా తోముకోమన్నాను. రక్తహీనత ఉందేమో చూడమని ఆమెను నర్సమ్మ దగ్గరికి పంపించాను. కాన్పయిన రెండు నెలలకు బిడ్డను చంకనేసుకుని వచ్చింది. ద్రాక్షపండంత ఉన్నది మెంతిగింజంత అయి, తెల్లబడి, గట్టిపడి ఉంది. ఆ మిగిలిందాన్ని తీసి పరీక్షకు పంపాను. గర్భిణి నోట్లో కాయ కనబడితే కంగారు పడి కోయించొద్దు. రక్తం ఆగకుండా పోతుంటేనో, తిండి తినలేకపోతుంటేనో కోయాల్సి వస్తే, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ఉన్న కాలం మేలు. మొదటి నుంచి నోరు శుభ్రంగా ఉంచుకుంటే చాలామందికి ఆ అవసరం రాదు. ఆశా కార్యకర్తలు గర్భిణి బరువు చూస్తారు, రక్తం చూస్తారు, బీపీ చూస్తారు. ఒక్కసారి నోరు కూడా తెరిపించి చూడండమ్మా. అర నిమిషం పని.

రెండోది అయ్యవారికి వచ్చింది. దాని సంగతి చివర చెబుతాను.

మిగిలినవాటిలో పాతబడి గట్టిపడిన తెల్లటి ఫైబ్రోమా ఒకటి. లోపల ఎముక రవ్వలు పుట్టేది మరొకటి. ఇది పద్దెనిమిది ఇరవై ఏళ్ల పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో ఎక్కువ, కోసినా నూటికి పది పదిహేను మందిలో మళ్లీ వస్తుంది. కట్టుడు పండ్లు వదులై అంచు ఒరుసుకున్నచోట మడతలు మడతలుగా పెరిగే కండ ముసలివాళ్లకు వస్తుంది. వాళ్లు పండ్ల సెట్టు రాత్రి తీసి నీళ్లలో పెట్టుకుని పడుకుంటే, సెట్టు సరిచేయించుకుంటే, సగం అదే తగ్గుతుంది. పుట్టిన బిడ్డ నోట్లో కూడా ఒక కాయ రావచ్చు. 1871లో న్యూమన్ అనే జర్మన్ వైద్యుడు మొదట రాశాడు. ఎక్కువగా ఆడబిడ్డలకు, పై దవడ ముందుభాగంలో వస్తుంది. చాలా అరుదు. ఆ బిడ్డను చూసి ఎవరైనా శకునం మాట్లాడితే నోరు మూయించండి. పాలు తాగలేకపోతే చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు, మళ్లీ రాదు. కొన్ని తీయకుండానే ముడుచుకుపోతాయి.

మాత్రల వల్ల చిగుళ్లు పెరగడం వేరే సంగతి. అది ఒకచోట కాయగా ఉండదు, పండ్ల వరస పొడుగునా పెరిగి పండ్లను కప్పేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ 1938లో వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడే, 1939లో, కింబాల్ అనే వైద్యుడు ఆ మాత్ర మింగేవాళ్లలో చిగుళ్లు పెరుగుతున్నాయని రాశాడు. వాడేవాళ్లలో సుమారు సగం మందికి ఎంతో కొంత పెరుగుతాయి. బీపీకి ఊరూరా ఇస్తున్న ఆమ్లోడిపిన్‌తో కూడా కొద్దిమందికి పెరుగుతాయి. ఇది విని మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. దండం పెట్టి చెబుతున్నాను. మూర్ఛ మాత్ర ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర రాసిన డాక్టరుకు చిగుళ్లు చూపించండి. మార్చగలిగితే ఆయన మారుస్తారు. మార్చలేకపోయినా గార తీయించుకుని గట్టిగా తోముకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది విని, ఓహో ఇగురు మీది కాయ అంటే భయం లేదన్నమాట అని ఇంటికి పోతారేమోనని నాకు బెంగ. అందుకని నా తప్పు ఒకటి చెప్పాలి.

ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు. అరవై దాటిన ఒకామె వచ్చింది. కింది దవడ వెనకపండ్ల దగ్గర ఎర్రటి కండ. ఆకువక్క, పొగాకు అలవాటు. దాని పక్కనే గార దిట్టంగా ఉంది. ఆ వారంలోనే అట్లాంటివి రెండు చూసి ఉన్నాను. ఇదీ అదే అనుకున్నాను. గార తీసి, పుక్కిలించడానికి మందిచ్చి, నెలకు రమ్మన్నాను. ముక్క తీయలేదు. ఆమె నెలకు రాలేదు. కోతల కాలం, కూలి పోతుంది, పైగా డాక్టరు ఏమీ లేదన్నాడు. అయిదు నెలలకు వచ్చింది. అప్పటికి పన్ను ఊగుతోంది, కింది పెదవి మొద్దుబారింది, దవడ కింద గడ్డ తగులుతోంది. క్యాన్సర్. ఆమెను పెద్దాసుపత్రికి పంపించాను. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ జరిగింది, సగం దవడ తీశారు. ఏడాదిన్నరకు పోయింది. ఆ మొదటి రోజు గోటిచివరంత ముక్క తీసి పంపి ఉంటే ఆమె బతికేదని నేను చెప్పలేను. బతకడానికి ఒక అవకాశం ఉండేదని మాత్రం చెప్పగలను. ఆ అవకాశాన్ని ఆమెకు నేను ఇవ్వలేదు.

క్యాన్సర్ మంచి కాయ వేషంలో రాగలదు. రెండు వారాలు దాటినా మానని పుండు, గట్టిగా మొద్దులాగా తగిలే అంచు, కారణం లేకుండా ఊగే పన్ను, పన్ను పీకించుకున్నాక పూడని గుంట, పెదవి తిమ్మిరి, మెడలో గడ్డ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఒక్కరోజు కూడా ఆగకూడదు. చిగుళ్లన్నీ ఒక్కసారిగా పొంగి, రక్తం కారుతూ, జ్వరంతో మనిషి పాలిపోతే అది రక్త క్యాన్సర్ కావచ్చు. అక్కడ కత్తి కాదు, ముందు రక్త పరీక్ష. చచ్చిన పంటి చీము చిగురు మీద బుగ్గలాగా తేలితే అదీ కాయలాగే ఉంటుంది, దానికి పంటి వైద్యం చేయాలి. ఇన్ని రకాలు ఇంత చిన్న చోట ఒకేలాగా కనబడుతుంటే కంటితో చూసి పేరు పెట్టడం ఏ డాక్టరుకైనా సాహసమే.

అందుకే ముక్క. ముక్క సంగతి ఈ ఊరి పిల్లలకు అర్థమయ్యేటట్టు చెబుతాను, ఎందుకంటే మీలో ఒకరో ఇద్దరో రేపు ఆ పని చేస్తారు.

ముందు ఎక్స్‌రే తీస్తాం. కింద ఎముక గిన్నెలాగా అరిగిందా, చిదిమినట్టు తినేసిందా చూస్తాం. బీపీ, షుగర్ చూస్తాం, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారా అడుగుతాం. చిగురుకు మత్తు సూది వేస్తాం, చీమ కుట్టినంత నొప్పి. కాయను దాని చుట్టూ రెండు మిల్లీమీటర్ల మంచి కండతో సహా, ఎముక మీద పొర దాకా దిగి, వేరుతో తీస్తాం. మొక్కజొన్న చేలో గడ్డిని పైపైన కోస్తే మళ్లీ లేస్తుంది, పెరికితేనే పోతుంది. అదే సూత్రం. ఆ తరువాత ఆ పంటి వేరును గీకి నున్నగా చేయాలి. గార అక్కడే వదిలేసి కాయ కోసినవాడు సగం పనే చేశాడు. లేజర్‌తోనూ, కాల్చే కరెంటు సూదితోనూ తీయవచ్చు, రక్తం తక్కువ కారుతుంది. కానీ వేడికి అంచులు మాడితే ఆ మాడిన భాగాన్ని భూతద్దం కింద చదవలేరు. నాకు కత్తే ఇష్టం. మందు పిండిని చిగురు మీద కట్టులాగా అద్ది వారం ఉంచుతాం. మెత్తటి తిండి. వారానికి మానుతుంది.

తీసిన ముక్కను నొక్కకూడదు, ఎండనివ్వకూడదు, నీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయకూడదు. పదిశాతం ఫార్మలిన్ పోసిన సీసాలో, ముక్కకు కనీసం పదింతలు ద్రవం ఉండేటట్టు వేయాలి. సీసా మీద, మూత మీద కాదు, పేరు రాయాలి. మూతలు మారిపోతాయి. లోపల ముక్క తన రూపంలోనే నిలిచిపోతుంది. పెథాలజీ గదిలో దాన్ని ఒక రాత్రి సాంతం పలచటి సారాయి నుంచి చిక్కటి సారాయికి మెట్టుమెట్టుగా ఎక్కించి, నీరంతా తీసేసి, కరిగిన మైనంలో పోతపోస్తారు. ఆ మైనపు దిమ్మ నుంచి మిల్లీమీటరులో వెయ్యోవంతులు నాలుగైదు ఉండే పొరను కోస్తారు. రెండు రంగులు వేస్తారు. కణం నడిమి కేంద్రకాలు నీలమవుతాయి, చుట్టూ ఉన్నది గులాబీ రంగు అవుతుంది. అప్పుడు పెథాలజిస్టు చదువుతారు.

అనంతపురంలో 2000 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి ఉంది. కడపలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. మన వాళ్లు సరిహద్దు దాటి బళ్లారికీ పోతారు. దూరమే. ఒకరోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీ. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మీద ఆ కూలి ఎంత బరువో నాకు తెలుసు. మా నాయన కూలి పోగొట్టుకుని నన్ను పట్నంలో పరీక్షలకు దింపివచ్చేవాడు. కానీ ముక్కకు బస్సు టికెట్ అక్కర్లేదు. మనిషి ఊళ్లో ఉండగానే సీసా పోవచ్చు. ఈ చుట్టుపక్కల చిగురు మీద కత్తి పెట్టే ప్రతి గదిలో, ప్రతి శిబిరంలో ఒక అరలో ఫార్మలిన్ సీసాలు ఉండాలి. ఈ మాట వైద్యులకు చెబుతున్నాను. సీసా లేని చోట కోయకండి. కోయించుకునేవాళ్లకు చెబుతున్నాను. "సార్, ముక్క ఎక్కడికి పంపుతారు?" అని అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరు దగ్గర కోయించుకోవద్దు. రిపోర్టు వచ్చాక ఆ కాగితం తెచ్చుకోవడం మీ హక్కు, ఇవ్వడం మా పని.

అయ్యవారి దగ్గరికి వస్తాను.

ఆయన్ను నేనే మా కళాశాలకు తీసుకుపోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా మాట్లాడలేదు. మా ప్రొఫెసరుగారు చూసి, గాజుపలకతో కాయను మెల్లగా అదిమారు. కొంచెం పాలిపోయింది, వదిలితే మళ్లీ నల్లబడింది. ఎక్స్‌రేలో రెండు పండ్ల నడుమ ఎముక గిన్నెలాగా గుంట పడి ఉంది. పట్నంలో పైపైన కోసినవాళ్లు ఈ గుంటను చూడలేదు, అందులోని మొదలును గీకలేదు. మళ్లీ రావడానికి అదే కారణం, విషం కాదు. ప్రొఫెసరుగారు ఈసారి ఎముక దాకా దిగి గీకారు. పండ్లు రెండూ నిలిచాయి. గార తీశారు. ముక్కను సీసాలో వేసింది నేను. సీసా మీద పేరు రాసిందీ నేనే. నాకు అక్షరం నేర్పిన మనిషి పేరు అట్లా రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి వణికింది.

రిపోర్టుకు పది రోజులు పడుతుందన్నారు. అది వచ్చేదాకా అయ్యవారు మా గదిలోనే ఉన్నారు. ఊరికి పోనన్నారు. తొమ్మిదోనాడు సాయంత్రం కాగితం చేతికొచ్చింది. జెయింట్ సెల్ గ్రాన్యులోమా. రాక్షస కణాల కాయ అని తెలుగులో చెప్పి, రాక్షస అన్నందుకు నాలుక కరుచుకున్నాను. పేరు భయపెడుతుంది గానీ అది క్యాన్సర్ కాదు. చిన్న కణాలు చాలా కలిసిపోయి ఒకే పెద్ద కణమవుతాయి, అంతే. దవడల్లో వచ్చే ఈ జాతి కాయలు కణితులు కావని, శరీరం మరమ్మతు చేసుకోబోయి పెంచిన కండ అని 1953లో జాఫీ అనే పెథాలజిస్టు రాశాడు. మన రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపడి ఆంధ్రలో కలిసిన ఏడూ అదే. అయ్యవారికి ఆ ఏడు బాగా గుర్తు. ఈ సంగతి చెబితే మొదటిసారి నవ్వారు, కండువా అడ్డం లేకుండా.

దాంతో అయిపోలేదు. మెడలో థైరాయిడ్ వెనక నాలుగు చిన్న గ్రంథులుంటాయి, పారాథైరాయిడ్ అంటారు. అవి అదుపు తప్పినా దవడలో ఇట్లాంటి కణాలతోనే గడ్డలొస్తాయి. అందుకని రక్తంలో కాల్షియం చూడాలి. చూశారు. సరిగ్గా ఉంది. ఈ రకం నూటికి పది దాకా మళ్లీ వస్తుంది కనక మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి రమ్మన్నారు. మూడుసార్లూ వచ్చారు. మళ్లీ రాలేదు. ఆ తరువాత పందొమ్మిదేళ్లు ఆ నోటితో పద్యాలు చదివారు, కోడలి చేతి రాగిముద్ద తిన్నారు, ఆగస్టు పదిహేనుకు ఈ జెండా స్తంభం దగ్గరే నిలబడి మాట్లాడారు. మీలో సగం మంది విన్నారు.

చదువు ముగిసి నేను కళాశాల వదిలేటప్పుడు ప్రొఫెసరుగారు ఒక గాజుపలక నా చేతిలో పెట్టారు. అయ్యవారి ముక్క నుంచి తీసిన అదనపు పొర అది. ఇన్నేళ్లకు నీలం కొంచెం వెలిసింది గానీ గులాబీ అట్లాగే ఉంది. ఈ పొద్దు తెచ్చాను. హెడ్మాస్టరుగారు దయతో సైన్సు గదిలో మైక్రోస్కోపు సిద్ధం చేయించారు. కిటికీ పక్కన బల్ల మీద ఉంది. అద్దంలోకి చూస్తే ముందు సన్నటి గింజల్లాంటి కణాలు కనబడతాయి. నడుమ నడుమ పెద్దవి కొన్ని, ఒక్కొక్క దానిలో పదో పన్నెండో నీలపు చుక్కలు, దోసిట్లో కందులు పోసినట్టు. అవే.

పిల్లలు ముందు రండి. వరసలో. పలకను ముట్టుకోకుండా, ఒక కన్ను మూసుకుని చూడండి.